ఆంధ్రేతర ప్రాంతముల తెలుగు కుటుంబ చరిత్రలు – అంతర్జాలమున లభించు ఆధారములు

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో, తమ పూర్వుల రాకను గూర్చి ఏదో యొక కథ చెప్పుకొనని యిల్లు అరుదు. తమిళనాట విశ్వనాథ నాయకుని వెంట వచ్చితిమని చెప్పువారు కలరు. కోలారు, బళ్లారి ప్రాంతములవారు విజయనగర ప్రభువుల నాడే తమకు ఆ భూములు లభించెనందురు. బరంపురము, పర్లాకిమిడి వాసులు తామెక్కడినుండియు రాలేదనియు, సరిహద్దే తమ్ము దాటి పోయెననియు చెప్పుదురు. షోలాపురపు పద్మశాలీలు తెలంగాణమునుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు వచ్చిన తాతలను తలచుకొందురు. యానామువారి ముచ్చటలలో ఫ్రెంచి దొరలు తప్పక వత్తురు. ఈ కథలన్నియు ఆయా కుటుంబములకు ప్రియమైనవి. అయినను ప్రియమైనదెల్ల చరిత్ర కాదు. కాలము, స్థలము, పేరు అను మూడును కుదిరి, వానికొక పత్రము సాక్ష్యము చెప్పినపుడే కథ చరిత్ర యగును.

ఇదివరలో అట్టి సాక్ష్యమును వెదకుట సామాన్యులకు సాధ్యమైన పని కాదు. మద్రాసు ఎగ్మూరులోని రికార్డాఫీసునకో, హైదరాబాదు నందలి భాండాగారమునకో పోవలెను. దినముల తరబడి నిలువవలెను. ఏ కట్టను అడుగవలెనో ముందే తెలిసి యుండవలెను. ఇప్పుడు ఆ కట్టలలో కొన్ని ఛాయాప్రతులై అంతర్జాలమున కెక్కినవి. బడిపంతులు సైతము రాత్రి భోజనానంతరము తన యింట కూర్చుండి నూట యేబది యేండ్లనాటి జిల్లా గ్రంథమును పుట పుటయు త్రిప్పి చూడగలడు. ఇది స్వల్ప లాభము కాదు. అయినను ఈ వెదకులాటకు పూనుకొన్న మా విద్యార్థుల తలిదండ్రులు పలువురు నిరాశతో మరలుచున్నారు. వారు తమ యింటిపేరును ఆంగ్లాక్షరములలో వ్రాసి వెదకుదురు. ఒకప్పుడు ఏమియు దొరకదు. ఒకప్పుడు వేయి దొరకును. రెండును నిష్ఫలములే. పేరుతో ప్రారంభించుటయే ఈ నిష్ఫలత్వమునకు కారణమని నా అభిప్రాయము. వెదకవలసినది మొదట పేరు కాదు, ఏలుబడి.

పత్రము ఏలుబడి వెంట నడచును

ప్రాతపత్రములు మన వంశములను స్మరించుటకై పుట్టినవి కావు. శిస్తు వసూలు చేసికొనుటకు, ఇనాము నిజమో కల్లయో తేల్చుటకు, తగవులు తీర్చుటకు ప్రభుత్వములు వ్రాయించుకొన్నవి. కావున మన ఊరు ఆ సంవత్సరమున ఎవరికి శిస్తు కట్టెను, అది ఏ కచేరికి చేరెను, ఆ కచేరి కాగితములు తరువాత ఎవరి వశమయ్యెను అను మూడు ప్రశ్నలు ముందుగా వేసికొనవలెను. ఊరివారి భాషను బట్టి పత్రములుండు చోటు నిర్ణయింపరాదు.

హోసూరు నుదాహరింతును. అది నేడు కృష్ణగిరి జిల్లాలోనిది. ఆ జిల్లా 2004లో ఏర్పడినది. అంతకు ముందు హోసూరు ధర్మపురి జిల్లాలోనుండెను. ధర్మపురి జిల్లా 1965లో ఏర్పడినది. అంతకు ముందు ఆ ప్రాంతమంతయు సేలము జిల్లాయే. హోసూరు కుటుంబములవారు పందొమ్మిదవ శతాబ్ది సంగతులకై లెఫాను దొర 1883లో ప్రకటించిన సేలము జిల్లా మాన్యువలును, రిచర్డ్సు దొర 1918లో కూర్చిన సేలము గెజిటీరును చూడవలెను. ఈ రెండును అంతర్జాలమున ఉచితముగా లభించును. కృష్ణగిరి జిల్లా పేరుతో వెదకువారికి అవి కనబడవు.

కర్ణాటకమున ఈ భేదము మరింత స్పష్టము. పావగడయు బళ్లారియు నేడు ఒకే రాష్ట్రములోనివి. అయినను పూర్వము పావగడ రైతు మైసూరు సంస్థానమునకు శిస్తు కట్టెను. బళ్లారి రైతు మద్రాసు ప్రభుత్వమునకు కట్టెను. నైజాము 1800లో కుంఫిణీకి విడిచిన దత్తమండలములలో బళ్లారి చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్లారి పట్టణముతో కూడ మిగిలిన భాగము మైసూరునకు పోయినది. అందుచేత బళ్లారి కుటుంబముల ప్రాతపత్రములు మద్రాసు పద్ధతిలోనివి, కోలారు, పావగడ కుటుంబములవి మైసూరు పద్ధతిలోనివి. ఒకరికి తోడ్పడిన సూచి మరియొకరికి తోడ్పడదు.

ఒడిశా సంగతియు ఇట్టిదే. 1936 ఏప్రిలు 1 వరకు గంజాము జిల్లా మద్రాసు రాజధానిలోనిది. కొరాపుట్టు ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. కావున జయపురము, గుణుపురము, రాయగడల తెలుగువారు తమ పూర్వుల కాలమును గూర్చి కార్మైకేలు దొర 1869లో రచించిన విశాఖపట్టణము మాన్యువలునందును, ఫ్రాన్సిస్ దొర 1907లో కూర్చిన విశాఖపట్టణము గెజిటీరునందును చదువవలెను. బరంపురము వారికి మాల్ట్బీ దొర 1882 నాటి గంజాము మాన్యువలు కలదు. ఇచ్చట మరియొక చిక్కు కలదు. ఈ జిల్లాలలో పెక్కు భాగము జమీందారీ. రైతువారీ గ్రామములలో సర్కారు ప్రతి రైతు పేరును పట్టాలో వ్రాసెను. జమీందారీలలో సర్కారు పేష్కషు నిచ్చు జమీందారునే యెరుగును. రైతుల పట్టాలు ఎస్టేటు కచేరిలోనే యుండెను. అందుచేత అచ్చటి సామాన్య రైతు పేరు ప్రభుత్వ పత్రములలో చాల ఆలస్యముగా కనబడును. పేరు లేనంత మాత్రమున ఆ కుటుంబము అప్పుడచ్చట లేదని తలంపరాదు.

మహారాష్ట్రమున షోలాపురము బొంబాయి రాజధానిలోనిదే. అచ్చట మొదటి నూలుమిల్లు 1877లో స్థాపింపబడినది. బొంబాయి గెజిటీరులో షోలాపురపు సంపుటము 1884లో వెలువడినది. కాని మగ్గములవెంట, మిల్లులవెంట వచ్చిన తెలుగు నేతగాండ్రలో పెక్కురి స్వగ్రామములు నైజాము రాజ్యములోనివి. ముంబయిలోని కామాటిపురమునకు పేరిచ్చిన కామాటీల స్వస్థలమును అదియే. వీరి కుటుంబ చరిత్రకు రెండు ముఖములు. వచ్చిన తరువాతి సంగతి బొంబాయి ఆంగ్ల గ్రంథములందును, మరాఠీ పత్రములందును వెదకవలెను. రాకపూర్వపు సంగతి హైదరాబాదు సంస్థానపు ఉర్దూ, పారసీక పత్రములందు వెదకవలెను. నాందేడు తెలుగువారు 1948 వరకు ఆ సంస్థానముననే యుండి, 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును మారినవారు.

ఊరి చరిత్ర, ఇంటి చరిత్ర

అంతర్జాలమున లభించు వానిని రెండు తెగలుగా విభజింపవచ్చును. ఊరి సంగతి చెప్పునవి మొదటి తెగ. మనుష్యుల పేర్లు చెప్పునవి రెండవ తెగ. మొదటి తెగవే జాలమున విస్తారముగా నున్నవి.

రైసు దొర సంపాదకత్వమున వెలువడిన ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటములలో పదియవది కోలారు జిల్లా శాసనములది, 1905లో ప్రకటితమైనది. అందు తెలుగు శాసనములును కలవు. దక్షిణభారత శాసన సంపుటములును జాలమున లభించుచున్నవి. మెకంజీ దొర, ఆయనకు కుడిభుజములైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు సేకరింపించిన కైఫియతులు గ్రామ చరిత్రలకు గనుల వంటివి. వానిలో కడప జిల్లా కైఫియతులను కడపలోని సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమువారు సంపుటములుగా ముద్రించిరి. తమ పూర్వులు దత్తమండలములనుండి వచ్చిరని చెప్పుకొను కుటుంబములవారు మొదట ఆ స్వగ్రామపు కైఫియతు దొరకునేమో చూడవలెను. జాతీయ భాండాగారమువారు 2015లో ప్రారంభించిన అభిలేఖ్ పటల్ అను జాలస్థానమున భారత ప్రభుత్వపు ప్రాతదస్త్రముల సూచికలును, పెక్కింటి ఛాయాప్రతులును కలవు. జనాభా లెక్కల సంపుటములును లభించును. 1881 మొదలు మాతృభాషను అడిగి వ్రాసికొన్నందున, ఏ జిల్లాలో ఎందరు తెలుగువారుండిరో వానినుండి తెలియును. అయితే అందు సంఖ్యలే కాని పేర్లుండవు. తాతగారి పేరు జనాభా లెక్కలలో దొరకునని ఆశించి కాలము వ్యర్థపుచ్చుకొనరాదు.

రెండవ తెగలో మద్రాసు రాజధాని కుటుంబములకు మిక్కిలి విలువైనవి ఇనాము రిజిస్టర్లు. మద్రాసు ప్రభుత్వము 1858లో ఇనాము కమిషనును నియమించినది. పురోహితులు, దేవాలయ సేవకులు, కరణములు, తలారులు, చెరువులు త్రవ్వించినవారు మున్నగువారి మాన్యములను ఆ కమిషను గ్రామగ్రామమున విచారించెను. మాన్యము నెవరిచ్చిరి, మొదట ఎవరు పొందిరి, ఇప్పుడెవరు అనుభవించుచున్నారు, వారి వయస్సెంత, వారసులెవ్వరు అను వివరములు ఆ రిజిస్టర్లలో కలవు. ఒక్కొక్కచోట ఒక్క వరుసలోనే మూడు నాలుగు తరములు బయటపడును. ఇవన్నియు జాలమున లేవు. పలుచోట్ల దరఖాస్తు పెట్టి నకలు పొందవలసినదే. కాని ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ గ్రామము అని జాలమున ముందే తేల్చుకొనిపోయినవానికి అచ్చట ఒక పూట పని. తేల్చుకొనక పోయినవానికి పదిదినముల పని.

ఇక భూమి పత్రములు. తమిళనాట రిజిస్ట్రేషను శాఖవారి జాలస్థానమును, కర్ణాటకమున ‘భూమి’యు, ఒడిశాలో ‘భూలేఖ్’ను, మహారాష్ట్రమున ప్రాతపత్రముల ఛాయాప్రతులతో కూడిన ‘ఆప్లే అభిలేఖ్’ను కలవు. వీనిలో పెక్కు ఇటీవలి దశాబ్దముల సంగతులే చెప్పును. అయినను నేటి సర్వే నంబరు తెలిసిన, దానిని పట్టుకొని వెనుకకు పోవచ్చును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 57వ విభాగము ప్రకారము, స్థిరాస్తి దస్తావేజులు నమోదైన మొదటి పుస్తకమును, దాని సూచికను ఎవరైనను రుసుము చెల్లించి చూడవచ్చును, నకలును పొందవచ్చును. ఈ హక్కు కలదని మనవారిలో చాలమంది యెరుగరు.

న్యాయస్థానముల తీర్పులను కూడ మరువరాదు. మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడినది. దాని తీర్పులు 1876 మొదలు ఇండియన్ లా రిపోర్టులలో వరుసగా ముద్రితములైనవి. దత్తత, దాయభాగము, దేవాలయ ధర్మకర్తృత్వము వంటి తగవులలో న్యాయమూర్తులు కక్షిదారుల వంశవృక్షమును పూర్తిగా వ్రాయుట కలదు. అన్నదమ్ములు కలహించిన కుటుంబమునకే మంచి చరిత్ర మిగిలినదని పరిహాసముగా ననవచ్చును. కాని అందు సత్యము లేకపోలేదు.

యానాము రిజిస్టర్లు

అన్నిటికంటె భిన్నమైనది యానాము. ఫ్రెంచివారు 1723లో అచ్చట కాలూని, మధ్యలో విడిచి, 1731లో మరల వచ్చిరి. ఆంగ్లేయులు పలుమారు దానిని పట్టుకొని విడిచిరి. 1954 నవంబరు 1న అది భారతదేశపు వశమయ్యెను. న్యాయతః విలీనము 1962 ఆగస్టు 16న పూర్తియయ్యెను. అనగా యానాము కుటుంబముల ప్రాతపత్రములకు దారి కాకినాడ మీదుగా కాక, ఫ్రాన్సు మీదుగా పోవును.

ఫ్రెంచి పద్ధతిలో జననము, వివాహము, మరణము మూడును నమోదగును. ఆ రిజిస్టర్ల ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరమున, పూర్వపు వలసరాజ్యముల పత్రములుంచు జాతీయ భాండాగారమున కలవు. ఆ భాండాగారమువారు పుదుచ్చేరి, కారైకాలు, మాహే, చంద్రనగరములతో పాటు యానాము రిజిస్టర్లను కూడ జాలమున నుంచిరి. ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఇటీవలి కాలపు రిజిస్టర్లు మాత్రము అందుండవు.

ఈ రిజిస్టర్ల విశేషమేమనగా అవి భూమి గలవారికి మాత్రమే పరిమితములు కావు. శిస్తు పట్టికలో భూవసతి లేని కూలివానికి చోటు లేదు. జనన పట్టికలో అతని బిడ్డకు చోటు కలదు. తండ్రితో పాటు తల్లి పేరును వ్రాయుదురు. మన దేశమున తక్కిన పత్రములలో తల్లుల పేర్లెంత అరుదో తెలిసినవారికి దీని విలువ తెలియును.

చదువువారు రెండు సంగతులు గమనింపవలెను. ఫ్రెంచివారు మన ‘ఉ’కారమును ‘ఓ’, ‘యు’ అను రెండక్షరములు కలిపి వ్రాయుదురు. ‘చ’ ధ్వనికి ‘టి, సి, హెచ్’ అను మూడక్షరములను, ‘జ’ ధ్వనికి ‘డి, జె’ అను రెండక్షరములను వాడుదురు. ఆంగ్ల వర్ణక్రమముతో వెదకినవారికి తమ తాత పేరు కంటి యెదుట నున్నను కనబడదు. రెండవది, 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి ఉత్తరువు. దాని ననుసరించి స్వీయ ధర్మశాస్త్రమును విడిచి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన భారతీయులు ఒక వంశనామమును గ్రహింపవలసి యుండెను. ఫ్రెంచి ఏలుబడిలోని కుటుంబములలో ఆ కాలమున హఠాత్తుగా పేరు మారినట్లు తోచినచో, ఈ ఉత్తరువును జ్ఞాపకముంచుకొనవలెను.

గోదావరి మండలపు కుటుంబములలో ‘మా అవ్వకు యానాములో పెండ్లి జరిగినది’ అను మాట తరచు వినబడును. శారదా చట్టము 1930 ఏప్రిలులో అమలునకు వచ్చిన పిమ్మట, బ్రిటిషు ఏలుబడిలో నిషిద్ధమైన బాల్యవివాహములు చేయుటకు జనులు యానామునకు పోవుచుండిరి. అందుచేత దానికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. కావున అట్టి మాటను బట్టి ఆ కుటుంబము యానాములో స్థిరపడినదని తలంపరాదు. పెండ్లి కాలమును మాత్రము ఉజ్జాయింపుగా గ్రహింపవచ్చును.

పేర్లు, తేదీలు

తెలుగునాట మనిషిని ఇంటిపేరుతో గుర్తింతురు. తమిళనాట స్థిరపడిన మనవారిలో పెక్కురు ఇంటిపేరును విడిచి తండ్రి పేరులోని తొలియక్షరమునే వాడుచున్నారు. ప్రాతపత్రములలోను ఇంటిపేరు లేక, పేరు, కులబిరుదము, తండ్రి పేరు మాత్రమే యుండుట కలదు. నాయుడు అను నొక్క మాటయే ఆంగ్లమున నాలుగైదు విధములుగా వ్రాయబడినది. అందుచేత పేరొక్కటి కలిసినంత మాత్రమున ఇతడే మన ముత్తాత యనరాదు. పేరుతో పాటు ఊరును, ఊరితో పాటు తండ్రి పేరో భూమి గుర్తో కలసిన పిమ్మటనే ఆ నిర్ణయము చేయవలెను. ఒకరు జాలమున పెట్టిన వంశవృక్షమును చూచి మరియొకరు నకలు చేసికొనుట యిప్పుడు హెచ్చుచున్నది. నూరుగురు నకలు చేసినను సాక్ష్యము ఒక్కటే; మూలపత్రము లేనిచో ఆ యొక్కటియు లేదు.

తేదీల విషయమున మరింత జాగరూకత వలయును. శకసంవత్సరమునకు 78 కూడిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీకి 590 కూడవలెను. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న ప్రారంభమగును. హైదరాబాదు సంస్థానమున అక్టోబరులో ప్రారంభమయ్యెడిది. ప్రభవాది నామము మాత్రమే యున్నచో అది అరువదేండ్ల కొకమారు తిరిగి వచ్చును గనుక, వేరొక ఆధారముతో సరిచూడక నిర్ణయింపరాదు.

దీనికి నిదర్శనముగా మా పాఠశాలలో చదివిన యొక బాలిక ఇంటి పత్రమును పేర్కొందును. హోసూరు ప్రాంతపు కుటుంబము. పేరు చెప్పుట అనవసరము. ఐదువందల యేండ్ల క్రిందట రాయలవారి దండుతో వచ్చితిమని వారి యింటి మాట. పెట్టె యడుగున గొలుసుకట్టు వ్రాతలో ఒక తెలుగు క్రయపత్రము కలదు. ఇంటిలో దానిని చదువగలవారు లేరు. కొన్నవాడు కదిరి తాలూకానుండి వచ్చినవాడని అందున్నది. సంవత్సరము బహుధాన్య అని మాత్రమే యున్నది. బహుధాన్య 1818లో వచ్చినది, 1878లో వచ్చినది, 1938లో వచ్చినది. పత్రము వ్రాసిన స్టాంపు కాగితముపై విక్టోరియా రాణి ముఖముద్ర కలదు. ఆమె 1837లో రాణియై 1901లో మరణించినది. కావున పత్రము 1878–79 నాటిదే కావలెను. దానికి రెండేండ్ల ముందు ధాత నామ సంవత్సరము. 1876–78 నాటి ఘోరక్షామమునకు మన పల్లెలలో ధాత కరువని పేరు. ఆ కుటుంబము కరువువలననే కదలెనని ఈ పత్రమొక్కటియే చెప్పదు. కాని కాలము చక్కగా కలసినది. అప్పుడు కదిరి కడప జిల్లాలోనిది. 1910లో అనంతపురము జిల్లాకు మారినది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. కావున మునుపటి తరముల కొరకు ఆ కుటుంబము వెదకవలసినది నేటి జిల్లా పేరుతో కాదు, కడప కైఫియతులలోను, కడప జిల్లా ఇనాము రిజిస్టర్లలోను.

ఈ సంగతి తెలిసినపుడు ఆ యింటి పెద్దలకు కొంత ఖేదము కలిగినది. ఐదువందల యేండ్లు నూట యేబదికి తగ్గినవి గదా! కాని వారికి క్రొత్తగా లభించినదేమి? ఒక ఊరు లభించినది. ఒక సంవత్సరము లభించినది. కరువునాటి కష్టమును దాటి, పరదేశమున రెండేండ్లలో ఇంటి స్థలము కొనుక్కొన్న యొక మనుష్యుని పేరు లభించినది. రాయల దండులో పేరులేని భటుడై యుండుటకంటె ఇది తక్కువ గౌరవము కాదు.

పత్రములు చెప్పనివి

జాలమున లేనిది చరిత్రలో లేదని భ్రమింపరాదు. ఇనాము రిజిస్టరు మాన్యము గలవానిని చెప్పును. పట్టా భూమి గలవానిని చెప్పును. తీర్పు వ్యాజ్యమునకు ధనము గలవానిని చెప్పును. కోలారు గనులలో దిగిన కూలీలను, ముంబయి మేడలకు రాళ్లు మోసిన కామాటీలను, వారి స్త్రీలను ఈ పత్రములు పేరుపేరున తలచుట అరుదు. అట్టి కుటుంబములకు ముసలివారి నోటిమాట, పెండ్లి శుభలేఖలు, సమాధి రాళ్లు, కులసంఘముల చందా పుస్తకములు ఆధారములు కావలెను. కాశీ, గయ మున్నగు క్షేత్రములలో తీర్థపురోహితులు వ్రాయించుకొను పుస్తకములును కలవు. ఫ్యామిలీసెర్చ్ అను సంస్థవారు హరిద్వారాది క్షేత్రముల బహీలను ఛాయాచిత్రములు తీసి జాలమున నుంచిరి. కాని అవి ముఖ్యముగా ఉత్తరాది కుటుంబములవి. మన పురోహితుల పుస్తకములకు నేటికిని యాత్రయే మార్గము.

ఇట్టి ఆధారములలో మా వృత్తివారికి దగ్గరిది పాఠశాల చేర్పు పుస్తకము. బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు అందుండును. మాతృభాషను కూడ వ్రాసిన పుస్తకములలో ‘తెలుగు’ అను నొక్క మాట ఆ కుటుంబము ఆనాడు తన్ను తా నేమని చెప్పుకొనెనో తెలుపును. మూతపడిన తెలుగు బడుల పుస్తకములు ఎక్కడ పోయినవో ఆయా ఊళ్ల సంఘములవారు విచారింపవలెను. కూలివాని బిడ్డ పేరు మిగిలియుండునది పెక్కు ఊళ్లలో అచ్చటనే.

పర్లాకిమిడిలో 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తిగారు, ముఖలింగ శాసనములను చదువుటకై ప్రాతలిపులను తామే నేర్చుకొనిరి. వారికి గురువు లేడు, జాలము లేదు. మనకు నేడు పత్రముల ఛాయాప్రతులు ఇంటికే వచ్చుచున్నవి. చదువగల కన్నులే తక్కువైనవి. చేతివ్రాతలను యంత్రము నేటికిని నమ్మదగినట్లు చదువలేదు. గొలుసుకట్టు తెలుగు వ్రాతను, తెలుగు అంకెలను, వీసము, పరక వంటి భిన్నములను చదువగల వృద్ధులు మన ఊళ్లలో ఇంకను కొందరున్నారు. వారున్నప్పుడే మన పెట్టెలలోని పత్రములను బయటికి తీసి, ఛాయాచిత్రములు తీయించి, చదివించి, నేటి లిపిలో ప్రక్కనే వ్రాసికొనవలెను. ఎవరింట, ఏ ఊర, ఏ తేదీన చూచినదో పత్రముతో పాటు వ్రాయవలెను. జీవించియున్నవారి పుట్టిన తేదీలు, ఆస్తి వివరములు మాత్రము జాలమున పెట్టరాదు.

కడపట ఒక మాట. మనము ఈ చరిత్రను వెదకుట ఈ నేలపై మన యేండ్లను పెంచి చూపుటకు కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలను మీ పూర్వులు ఏ శతాబ్దమున వచ్చిరని అడుగలేదు. ఐదువందల యేండ్ల క్రిందట వచ్చిన కుటుంబమునకును, ధాత కరువులో వచ్చిన కుటుంబమునకును, కదలకయే సరిహద్దు మారిన కుటుంబమునకును ఆ హక్కు సమానమే. కావున మనకు అతిశయోక్తితో పనిలేదు. ఉన్నది ఉన్నట్లు తెలిసికొనిన చాలును. ఆ తెలిసికొనుటకు ఏలుబడి యేదో చూచి పత్రమును వెదకు నేర్పు వలయును. దొరికిన పిమ్మట దానిని చదువుటకు తెలుగు రావలెను. మొదటిది ఒక వారములో నేర్పవచ్చును. రెండవదానికి బడి యుండవలెను.